ఉపవాసానికి వేళ, వేళకు అధికారి

అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలలో ఉదయం ఏడు గంటలకే తరగతులు ఆరంభమవుతాయి. జావా, టెస్టింగ్, డేటా సైన్స్ నేర్పే శిక్షణాలయాల బోర్డులు అంతస్తు మీద అంతస్తుగా వేలాడే ఆ వీధులలో, ఉభయ తెలుగు రాష్ట్రాల నుండి వచ్చిన యువతీయువకులు ఇరుకు హాస్టల్ గదులలో నివసిస్తూ ఉద్యోగార్థం విద్యాభ్యాసం చేస్తుంటారు. ఇటీవల వారి సంభాషణలలో ఒక నూతన వ్రతం పేరు వినిపిస్తున్నది: పదహారు-ఎనిమిది. రాత్రి ఎనిమిదికి భోజనం ముగించి, మరునాటి మధ్యాహ్నం పన్నెండు వరకు నీరు, పాలు కలపని కాఫీ తప్ప మరేమీ ముట్టకపోవడం దాని ప్రచలిత రూపం. హాస్టల్ రుసుములోనే చేరి ఉన్న ఉదయపు ఇడ్లీ అలాగే మిగిలిపోతుంది. పదకొండు గంటల తరగతిలో బోర్డు మీది అక్షరాలు కంటికి కనిపిస్తాయి గాని బుద్ధిలో నిలువవు. ఎవరైనా వారిస్తే సమాధానం సిద్ధంగా ఉంటుంది: “ఇది మన ఏకాదశియే కదా, ఋషులు ఏనాడో చెప్పినదే కదా!”

ఈ సమాధానంలో సత్యం అర్ధభాగమే. ఆ అర్ధసత్యం వల్ల విద్యార్థికి విద్య, వ్రతానికి గౌరవం రెండూ నష్టమవుతున్నాయి గనుక ఈ విషయం విచారణీయం.

ఉపవాసమంటే సమీపంలో నివసించడం. ఎవరి సమీపంలో? ఉపాస్యదేవత సమీపంలో, లేదా ఆత్మ సమీపంలో. ఆహారత్యాగం ఆ సామీప్యానికి సాధనం మాత్రమే. ధర్మశాస్త్రం ఆ సాధనాన్ని కూడా ఒకే కొలతతో విధించలేదు. పగటివేళ ఒక్కసారి భుజించడం ఏకభుక్తం. తెలంగాణ పల్లెలలో దీనినే ఒక్కపొద్దు అంటారు. పగలంతా ఉండి రాత్రి మాత్రమే భుజించడం నక్తం. కార్తికంలో అమ్మమ్మలు ఉండే నత్తం ఇదే. అడగకుండా లభించినది మాత్రమే తినడం అయాచితం. పూర్తిగా మానడం ఉపవాసం. ఈ నాలుగు మెట్లను ఏర్పరచడంలోని ఆంతర్యం స్పష్టమే: శక్తి భిన్నమైతే నియమం భిన్నం కావాలి. వేళను నిర్ణయించవలసింది గడియారం కాదు, ఆచరించేవాని అధికారం.

ప్రయోజనం మారితే ఆహారత్యాగ స్వరూపమే మారుతుంది. 2009 నవంబరు 29న తెలంగాణ రాష్ట్రసాధన కోసం కల్వకుంట్ల చంద్రశేఖరరావు ఆరంభించిన నిరాహారదీక్ష, డిసెంబరు 9 నాటి కేంద్ర ప్రకటన తరువాత పంజాగుట్ట నిమ్స్ ఆస్పత్రిలోనే ముగిసింది. దాని లక్ష్యం రాజకీయం. రంజాన్ మాసంలో ఇదే నగరంలో లక్షలాదిమంది ఉషఃకాలం నుండి సూర్యాస్తమయం వరకు నీరైనా ముట్టరు. దాని లక్ష్యం ఈశ్వరాజ్ఞాపాలనం. దేహభారం తగ్గడానికి భోజనకాలాన్ని నియమించుకోవడం మరొకటి. అది దోషం కాదు, హితమే కావచ్చు. అయితే దానిని ఏకాదశి అని పిలిచినంత మాత్రాన అది ఏకాదశి కాదు. ఏకాదశి పక్షానికి ఒక్కసారి వస్తుంది. నిత్యమూ పదహారు గంటలు ఉండమని గృహస్థునికి గాని విద్యార్థికి గాని శాస్త్రం విధించలేదు.

విద్యార్థి విషయంలో శాస్త్రాభిప్రాయం ఆశ్చర్యకరంగా విపరీతదిశలో ఉంది. తెలుగునాట అధికులు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం మునికి ఎనిమిది కబళాలు, వానప్రస్థునికి పదహారు, గృహస్థునికి ముప్పది రెండు అని లెక్క చెప్పి, బ్రహ్మచారికి మాత్రం పరిమితి లేదన్నది. అంతటితో ఆగక, నిత్యాగ్నిహోత్రి, బండిలాగే ఎద్దు, బ్రహ్మచారి అనే ఈ ముగ్గురూ తింటేనే కార్యసాధకులవుతారని, తినకపోతే వీరికి సిద్ధి లేదని స్పష్టం చేసింది. విద్యాభ్యాసం అంత శ్రమతో కూడినదని సూత్రకారుడు గ్రహించాడు. మైత్రీవనం మెట్లెక్కే యువకుడు ఆశ్రమరీత్యా ఈ బ్రహ్మచారికి సన్నిహితుడే.

దీనికి ఉపపత్తి ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో లభిస్తుంది. పన్నెండేళ్ళు వేదాధ్యయనం చేసి, ఇరవై నాలుగవ ఏట ఇంటికి తిరిగివచ్చిన శ్వేతకేతువుకు తండ్రి ఉద్దాలకుడు, మనస్సు అన్నమయమని బోధించి, ఆ మాటను అనుభవంతో పరీక్షింపజేశాడు. పదిహేను దినాలు భోజనం మానమన్నాడు. నీరు మాత్రం యథేచ్ఛగా త్రాగమన్నాడు, ఏలనంటే ప్రాణం జలమయం. పదహారవ దినాన వేదం చెప్పమంటే కుమారునికి ఒక్క మంత్రమూ స్ఫురించలేదు. మహాగ్నిలో మిణుగురుపురుగంత నిప్పుకణం మాత్రమే మిగిలినట్లు, నీ పదహారు కళలలో ఒక్కటే మిగిలింది, వెళ్ళి భుజించమన్నాడు తండ్రి. భుజించి వచ్చిన తరువాత అడిగినదంతా చెప్పగలిగాడు. గడ్డిపరకలు వేస్తే నిప్పుకణం మళ్ళీ ప్రజ్వరిల్లినట్లు స్మృతి తిరిగి వెలిగింది.

ఇక్కడ గమనించవలసినవి మూడు. ఆ ఉపవాసం ఘనత కోసం కాదు, జిజ్ఞాస కోసం. దానికి నిశ్చితమైన అవధి ఉంది. దాని ఫలితాన్ని తూచినది దేహభారంతో కాదు, స్మృతితో. నేటి సాధకుడు తన ఆహారనియమాన్ని పరీక్షించుకోవడానికి ఇంతకంటె మంచి తులాదండం లేదు.

ఆధునిక పరిశోధన కూడా గడియారానికి అద్భుతశక్తి ఉన్నదని చెప్పడం లేదు. 2016లో జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమికి నోబెల్ పురస్కారం లభించినది కణాలు తమ జీర్ణభాగాలను తామే భక్షించి పునరుపయోగించుకొనే ప్రక్రియను ఈస్టు కణాలలో వివరించినందుకు. మనిషికి సరిగ్గా పదహారవ గంటకు ఫలం దక్కుతుందని ఆ పురస్కారం చెప్పలేదు. 2020లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో 116 మందిని పన్నెండు వారాలు పరిశీలించారు. మధ్యాహ్నం పన్నెండు నుండి రాత్రి ఎనిమిది వరకు మాత్రమే తిన్నవారికీ, మూడుపూటలా తిన్నవారికీ బరువు తగ్గడంలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు; పైగా ఉపవసించినవారు కోల్పోయిన బరువులో కండ భాగం గమనార్హంగా ఉంది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధకులు స్థూలకాయులైన 139 మందిని ఏడాదిపాటు పరిశీలించారు. మితాహారానికి ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం నాలుగు వరకు అనే కాలనియమాన్ని జోడించినా, మితాహారం ఒక్కటే ఇచ్చిన దానికంటె విశేషఫలం రాలేదు. 2018 నాటి ఒక చిన్న పరిశోధనలో మాత్రం, మధుమేహం అంచున ఉన్న ఎనిమిదిమంది పురుషులు మధ్యాహ్నం మూడుకు ముందే చివరి భోజనం ముగించగా, బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగుపడ్డాయి. ఎనిమిదిమంది సాక్ష్యం చాలా స్వల్పమే. అయినా ఈ మూడింటినీ కలిపి చూస్తే తేలేది సరళం: ఫలం ప్రధానంగా మితంలో ఉంది, వేళను ఎంచుకోదలిస్తే ఉదయాన్ని వదలి రాత్రిని పట్టుకోవడం కంటె, రాత్రిని వదలి ఉదయాన్ని పట్టుకోవడం మేలు.

అందుచేత అమీర్‌పేట విద్యార్థికి ప్రథమసోపానం పదహారు గంటలు కాదు. భోజనానికి భోజనానికి మధ్య తినరాదని, అతిగా తినరాదని మనుస్మృతి ద్వితీయాధ్యాయం చెప్పిన నియమమే అతని తొలి వ్రతం. తరగతి విడిచిన ప్రతిసారీ టీ, బిస్కట్లు, సాయంకాలం మిర్చిబజ్జీ, అర్ధరాత్రి ఫోనులో తెప్పించుకొనే బిరియానీ: ఈ అంతరాహారాన్ని విడిస్తే చాలావరకు కార్యం నెరవేరుతుంది. తొలి రెండు వారాలు రాత్రి ఎనిమిదికి ముగించి, ఉదయం ఎనిమిదికి హాస్టల్ ఇడ్లీతో ఆరంభించాలి. పన్నెండు గంటల విరామం అక్కడే సిద్ధిస్తుంది. అది సుఖంగా నిలిచిన తరువాత చివరి భోజనాన్ని ఏడుకు జరపవచ్చు. చాలా మెస్సులలో రాత్రిభోజనం ఎనిమిది దాటితేగాని దొరకదు గనుక, మధ్యాహ్నమే కొంత పెరుగన్నం డబ్బాలో పెట్టించుకోవడం, లేదా అరటిపండు, ఉడికించిన పల్లీలు, శనగలతో సాయంకాలాన్ని గడపడం సులభోపాయం. విద్యార్థికి ఇంతకు మించిన నియమం అనవసరం.

పంజాగుట్ట కార్యాలయాలలో దినమంతా ఆసీనుడై ఉండి, నలభై దాటి, నడుము పెరిగిన గృహస్థుని అధికారం వేరు. అతడు పన్నెండు గంటలతో ఆరంభించి, నెల తరువాత పద్నాలుగు గంటలకు పోవచ్చు. ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం ఆరు వరకు భోజనకాలం. శరీరం సహకరిస్తే తొమ్మిది నుండి ఐదు వరకు, అంటే పదహారు గంటల విరామం. కుటుంబంతో కలిసి చేసే రాత్రిభోజనమే ఇంటిని నిలిపే సూత్రమైతే దానిని తెంచడం ధర్మం కాదు. ఆ భోజనాన్ని ముందుకు జరిపి, మితం చేసి, వారాంతంలో మినహాయింపు ఇచ్చుకోవచ్చు. 2012లో బ్రిటన్ వైద్యపాత్రికేయుడు మైకేల్ మోస్లీ ప్రచారంలోకి తెచ్చిన ఐదు-రెండు పద్ధతి, అంటే వారంలో రెండు దినాలు స్వల్పాహారం, నిత్యనియమం కుదరనివారికి అనుకూలం. భక్తునికైతే పక్షానికొక ఏకాదశి, వారానికొక ఒక్కపొద్దు ఆ పనినే దైవస్మరణతో చేసిపెడతాయి. అమెరికా వేళలను అనుసరించి రాత్రంతా పనిచేసేవారు గంటల లెక్కకు పోక, నిద్రకు రెండు మూడు గంటల ముందు భోజనం ముగించడమే నియమంగా పెట్టుకోవడం క్షేమం.

అనధికారులను కూడా స్పష్టంగా చెప్పాలి. ఇన్సులిన్ గాని, రక్తంలో చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడేవారు వైద్యుని అనుమతి లేకుండా భోజనవేళ మార్చరాదు. మందు వేసుకొని అన్నం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే వయసు పిల్లలు, తక్కువ బరువున్నవారు, పూర్వం ఆహారవిముఖతా వ్యాధితో బాధపడినవారు దీని జోలికి పోరాదు. ఇది శాస్త్రవిరుద్ధమైన మినహాయింపు కాదు. ఏకాదశిని కూడా నిబంధకారులు ఎనిమిదేళ్ళు దాటి ఎనభై నిండనివారికే విధించారు. నీరు, దుంపలు, ఫలాలు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం అనే ఎనిమిదీ వ్రతభంగకరాలు కావన్నారు. వణుకు, చెమట, కళ్ళు తిరగడం కలిగిన క్షణాన పంచదార నీళ్ళు త్రాగినవాడు వ్రతాన్ని చెడగొట్టినవాడు కాదు.

ఇంకొక ఆక్షేపం వినిపిస్తుంది: కష్టం లేనిది తపస్సెట్లా అవుతుంది? గీత ఆరవ అధ్యాయం అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం లేదని సమంగా నిరాకరించింది. పదిహేడవ అధ్యాయం దంభంతో దేహాన్ని, అందులోని అంతర్యామిని క్లేశపెట్టే తపస్సును ఆసురమన్నది. పంజాగుట్ట ద్వారకాపురి సాయిమందిరానికి గురువారం ఒక్కపొద్దుతో వచ్చే భక్తులెందరో. ఆ సాయి చరిత్రలోనే, మూడు దినాల ఉపవాసదీక్షతో షిరిడీ చేరిన ఒక స్త్రీని బాబా ఆపి, దాదా కేల్కర్ ఇంటికి వెళ్ళి బొబ్బట్లు వండి పిల్లలకు పెట్టి తానూ తినమని చెప్పిన వృత్తాంతం ముప్పది రెండవ అధ్యాయంలో ఉంది. ఉపవాసం నింద్యమని దాని భావం కాదు. ఆకలి ఒక్కటే మనిషిని దైవసమీపానికి చేర్చదని దాని భావం.

ఆరంభించడం ఎంత ముఖ్యమో, సకాలంలో విరమించడమూ అంతే ముఖ్యం. భాగవతంలో అంబరీషుడు వ్రతాంతంలో దుర్వాసుని భోజనానికి ఆహ్వానించి నిరీక్షించాడు. యమునాస్నానానికి వెళ్ళిన ముని రాలేదు. ద్వాదశి గడియలు ముగియవచ్చాయి. అతిథి రాక ముందు భుజించరాదు, పారణ దాటరాదు. పండితుల అనుమతితో ఆ రాజు జలం మాత్రం స్వీకరించాడు. పారణకు అంతటి ప్రాధాన్యం ఉంది. “నేను ఇరవై గంటలు ఉన్నాను, నీవెంత?” అని హాస్టల్ గదిలో పోటీపడేవారు ఈ రాజును తలచుకోవాలి. నియమించుకున్న ఘడియను దాటించడం నిష్ఠ కాదు, అహంకారం.

రెండు వారాల అనంతరం సాధకుడు త్రాసు ఎక్కడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఉదయం చదివినది సాయంకాలం స్ఫురిస్తున్నదా? సహవాసులతో మాట మృదువైనదా, పరుషమైనదా? భోజనం తగ్గి మిగిలిన అరగంట జపానికో స్వాధ్యాయానికో దక్కినదా, ఫోనుకు సమర్పితమైనదా? సమాధానాలు అనుకూలమైతే ఎంచుకున్న వేళ తగినదే, కొనసాగించవచ్చు. ప్రతికూలమైతే ఉద్దాలకుడు కుమారునికి చెప్పిన మాటే అతనికీ వర్తిస్తుంది: వెళ్ళి భుజించాలి. స్మృతి వెలిగిన తరువాత, తన శక్తికి తగిన మరొక వేళను ఎంచుకోవడానికి జీవితంలో ఇంకా ఎన్నో ఏకాదశులు ఉన్నాయి.

స్వస్తి.