పిచికారీ సిఫారసులో లోహానికీ ఒక వాక్యం

రెండు మందులను కలిపి పిచికారీ చేయవచ్చునా అని రైతు అడిగినప్పుడు మనం చూసేవి రెండే: మిశ్రమం విరుగుతుందా, ఆకు మాడుతుందా. ఆ ద్రావణం స్ప్రేయర్‌లోని లోహాన్ని ఏమి చేస్తుందన్న ప్రశ్న మన ప్రయోగ ప్రణాళికల్లో అరుదు. అది ఇంజనీర్ల పని అని వదలివేయడం సరికాదని నా అభిప్రాయం.

సస్యరక్షణలో ఈ జ్ఞానం పాతదే. బోర్డో మిశ్రమంలో మెరిసే చాకును ముంచినప్పుడు ఎర్రని పూత కనిపిస్తే మరికొంత సున్నం చేర్చాలని విద్యార్థులకు బోధిస్తాం. అది ఒక విధంగా తుప్పు పరీక్షే: ఇనుము కరుగుతుంది, ద్రావణంలోని రాగి దానిపై పేరుకుంటుంది. గ్లైఫోసేట్‌ను జింకు పూత గల పాత్రల్లో కలపరాదని లేబుళ్లు హెచ్చరిస్తాయి. ఆ చర్యలో మండే స్వభావం గల హైడ్రోజన్ వెలువడుతుంది. నీటిలో కరిగే ఎరువుల విషయంలోనే ఈ జాగ్రత్త కొరవడింది.

ఇత్తడినే తీసుకుందాం. రాగి, జింకుల ఈ మిశ్రలోహానికి అమ్మోనియా బద్ధశత్రువు. బ్రిటిష్ పాలనలో మన దేశంలోనే, వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే పగిలేవి. తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడికి గుర్రాల మూత్రం నుంచి వెలువడిన అమ్మోనియా, గాలిలోని తేమ తోడైనందువల్ల అలా జరిగేది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్‌లు ఇటువంటి పగుళ్లపై విపుల పరిశోధన ప్రచురించారు. స్ప్రేయర్‌ను పశువుల కొట్టంలోనే వేలాడదీసే ఇళ్లు మనకు తెలియనివి కావు. అమ్మోనియం లవణాలు పారే ఫర్టిగేషన్ గొట్టాలకు ఇత్తడి వాల్వులు బిగించడమూ ఆలోచించవలసిన విషయమే.

నష్టం పరికరంతో ఆగదు. రాపిడికి తుప్పు తోడై నాజిల్ రంధ్రం పెద్దదవుతుంది. విడుదలయ్యే ద్రావణం కొత్త నాజిల్ కంటే 10 శాతం మించితే దానిని మార్చాలన్నది వాడుకలో ఉన్న నియమం. అది పాటించని పొలంలో మనం ప్రకటించే మోతాదుకు అర్థమేముంది?

స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే చాలుననడం సగమే నిజం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో దాదాపు 47 శాతం క్లోరైడే. అది 304 రకం ఉక్కుపై గల రక్షణ పొరను ఛేదించి సూదిబెజ్జాల వంటి గుంటలు చేయగలదు. 2-3 శాతం మాలిబ్డినం గల 316 రకం మెరుగ్గా తట్టుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ. చిన్న రైతుకు ప్లాస్టిక్ లేదా సిరామిక్ నాజిళ్లు, పని ముగియగానే కడిగి ఆరబెట్టడం అందుబాటులోని దారి. (కడిగేవారు కూడా చాలామంది ఆరబెట్టరు.)

దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. తూచిన ఇత్తడి, ఉక్కు, జింకు పూత రేకు ముక్కలను సిఫారసు చేసిన గాఢతలో నిర్ణీత దినాలు ఉంచి, తుప్పు తొలగించి తిరిగి తూచడం ఎం.ఎస్సీ. విద్యార్థి చేయగల పని. కొత్త ట్యాంకు మిశ్రమాన్ని ఆమోదానికి తెచ్చేవారిని ఆ పట్టిక కూడా చూపమని మన సమావేశాల్లో అడగాలి.