తాళాల గుత్తి మహిమ

బస్టాండులో ఒక మనిషి ఉన్నట్టుండి కొయ్యబారి కిందపడతాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటాయి, నోట్లోంచి నురగ వస్తుంటుంది. చుట్టూ మూగిన జనంలో నలుగురైదుగురు ఒకేసారి అరుస్తారు: "తాళాలు! ఎవరి దగ్గరన్నా తాళాలుంటే ఇవ్వండయ్యా!" స్కూటరు తాళాలో బీరువా తాళాలో, ఏవైతేనేం, ఇనుము కావాలి. బిగుసుకున్న పిడికిలి విప్పి మరీ కుక్కుతారు. నిమిషం తిరక్కుండా కొట్టుకోవడం ఆగుతుంది. "చూశారా!" అంటాడు తాళాలిచ్చినాయన.

ఆయన అబద్ధం ఆడలేదు. కళ్లతో చూసిందే చెప్పాడు. తాళాలు పెట్టకపోతే ఏమయ్యేదో మాత్రం చూడలేదు. ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో, ఎవరూ ఏమీ చేయకపోయినా, వాటంతటవే ఆగిపోతాయి. మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్తు ఒక్కసారిగా లయ తప్పి ఉప్పెనలా లేస్తే వచ్చేది మూర్ఛ. ఆ ఉప్పెనను అణిచే ఏర్పాటూ మెదడులోనే ఉంది. మనిషి పడి, జనం పోగై, తాళాలు దొరికేసరికి ఆ నిమిషం కాస్తా గడిచిపోతుంది. సరిగ్గా ఆగే వేళకి మందు అందుతుంది. తాళాల బదులు తమలపాకు పెట్టినా ఆగేదే. ఉల్లిపాయ వాసన చూపిస్తే తగ్గుతుందనేవాళ్లకీ, కాదు చెప్పు వాసనే చూపించాలనేవాళ్లకీ మధ్య వాదులాట ఒకసారి నా చెవులతో విన్నాను. పడ్డవాడు ఈలోగా లేచి కూచున్నాడు.

తాళాలతో పోతే పోనిద్దాం, మహా అయితే అరచెయ్యి గీసుకుంటుంది. నోట్లో చెంచా దోపడం అలా కాదు, పళ్లు విరుగుతాయి. పూర్తిగా తెలివి రాకముందే పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చేయవలసింది ఇంతకంటే తేలిక: దగ్గరున్న రాయీ రప్పా తీసేసి, తల కింద మెత్తగా ఏదన్నా పెట్టి, పక్కకి ఒత్తిగిలేలా తిప్పి, గట్టిగా పట్టి ఆపకుండా, గడియారం చూడటం. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయాలి. గడియారం చూడమని చెబితే మాత్రం జనానికి నచ్చదు. ఊరికే చూస్తూ నిలబడటం మనకి పాపంలా అనిపిస్తుంది.

మూర్ఛను దేవుడికో దయ్యానికో ముడిపెట్టని ఆలోచన కొత్తదేమీ కాదు. హిప్పోక్రటీసు పేరున చెలామణీ అయ్యే 'పవిత్ర వ్యాధి' అనే గ్రీకు గ్రంథం దాదాపు 2400 ఏళ్ల నాటిది. మిగతా జబ్బులకంటే దీనికి ఎక్కువ పవిత్రత ఏమీ లేదని, మూలం మెదడులోనే ఉందని, తమ అజ్ఞానాన్ని దాచుకోవడానికే మంత్రగాళ్లు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నారని ఆ రచయిత అప్పుడే తేల్చాడు. మన దగ్గర నటరాజు కుడికాలి కింద నలిగే మరుగుజ్జు పేరు అపస్మారుడు, జబ్బుకీ అదే పేరు. చరకసంహిత కూడా అపస్మారాన్ని వాత పిత్త కఫాల తేడాతో వచ్చే రోగంగానే వర్గీకరించింది. ఆ దోషాల లెక్క ఇవాళ నిలవదు, అది వేరే మాట. కానీ 'మన పూర్వీకులు' అంటూ తాయెత్తు కట్టేవాళ్లు ఆ పూర్వీకులు చేసినపాటి ఆలోచనైనా చేయడం లేదు. మనిషి మెదడులోని విద్యుత్తును హాన్స్ బెర్గర్ అనే జర్మన్ వైద్యుడు 1924లో కాగితం మీద గీతలుగా పట్టాక సోకిన గాలికీ, పట్టిన దయ్యానికీ తలదాచుకునే చోటు లేకుండా పోవాలి. పోలేదు.

"అమావాస్యకి ఎక్కువవుతాయండీ" అనే మాట ఇంకో రకం. అమావాస్యనాడు వస్తే గుర్తుంటుంది, సప్తమినాడు వస్తే ఎవరూ తిథి చూడరు. అయితే అనుభవంతో చెప్పే మాటల్లో ఒక్కోసారి నిజం వేరే రూపంలో దాక్కుని ఉంటుంది. శివరాత్రి మర్నాడు ఫిట్స్ వచ్చాయని ఎవరన్నా అంటే కొట్టిపారేయను. రాత్రంతా జాగారం, పగలంతా ఉపవాసం, ఉపవాసం కదా అని మాత్ర మానేయడం. నిద్ర చాలకపోవడమూ, మాత్ర తప్పడమూ ఫిట్స్‌ని రప్పిస్తాయని డాక్టర్లందరికీ తెలుసు. శివుడికి కోపం రాలేదు, మెదడుకి నిద్ర చాలలేదు. వచ్చిన తేదీ, వేళ, ముందురాత్రి నిద్ర, వేసుకున్న మాత్ర ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, పంచాంగం చెప్పలేనిది అదే చెబుతుంది.

శుచీ శుభ్రం పట్టింపున్న ఇళ్లలో ఇంకో ఆశ్చర్యం ఉంది. మన దేశంలో ఫిట్స్‌కి ముఖ్య కారణాల్లో ఒకటి మెదడులో తిష్ఠవేసిన బద్దెపురుగు పిల్లదశ. పంది మాంసం ముట్టనివాళ్లకీ, ఉల్లిపాయ కూడా తినని శాకాహారులకీ వస్తుంది. పురుగును కడుపులో మోస్తున్న మనిషి మలంలో గుడ్లుంటాయి, అవి సరిగా కడగని ఆకుకూరతోనో, నీళ్లతోనో, చేతులతోనో నోట్లోకి చేరతాయి. అంటూ మడీ దానికి అడ్డం కావు. మరుగుదొడ్డి, సబ్బు అడ్డం అవుతాయి.

తనంతట తానే తగ్గినదాన్ని మందు మహిమ అనుకునే తాళాల లెక్క పక్షవాతం దగ్గర ప్రాణాంతకమవుతుంది. మూతి వంకరపోయినవాళ్లలో కొందరికి దెబ్బతిన్నది మెదడు కాదు, ముఖాన్ని కదిలించే నరం. బెల్స్ పాల్సీ అంటారు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తనంతట తానే సర్దుకుంటుంది. పసరు పోసినవాడికీ, పావురం రక్తం రాసినవాడికీ పేరొచ్చేది వీళ్ల వల్లే. ఆ పేరు విని, నిజంగా మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినవాళ్లు కూడా వాళ్ల దగ్గరికే పోతారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి రక్తం చిమ్మలేదని తేల్చుకున్నాక. పావురం కోసం వెతుకుతూ పోయిన గంటలు తిరిగిరావు. ఏది నరం, ఏది మెదడు అని ఇంట్లో కూచుని తేల్చుకోబోకుండా ఆస్పత్రికి పోవడమే దారి.

ఇనుముకు మెదడు మీద ప్రభావముందని ఖాయంగా రుజువైన ఉదంతం నాకు తెలిసి ఒకటుంది. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా, ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ ఎడమ చెంపలోంచి దూసుకెళ్లిన ఇనుప కడ్డీ నడినెత్తిన బయటికొచ్చింది. ఆయన బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ నిదానస్తుడు కాస్తా నిలకడలేని, నోటికొచ్చినట్టు తిట్టే మనిషిగా మారాడని వైద్యుడు రాసిపెట్టాడు. 1860లో ఫిట్స్ వచ్చే చనిపోయాడు. మన ఊళ్లో బైకు మీంచి పడి తలకు దెబ్బతగిలిన కుర్రాడు కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చాక తల్లి మీద చెయ్యెత్తితే, చెప్పిందే చెబుతుంటే, స్నానానికి కూడా లేవకపోతే, "ఆ మలుపు దగ్గర ఇంతకుముందు పోయినవాడు పట్టాడు" అంటారు. నుదుటి వెనకున్న మెదడు భాగం కమిలితే కోపం మీద అదుపు పోతుందని, మాట, జ్ఞాపకం మళ్లీ నేర్పించే వైద్యం ఉందని ఆ తల్లికి ఎవరు చెప్పారు? డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో మాత్రల పేర్లున్నాయి, కొడుకు ఎలా మారొచ్చో లేదు.

ఇక్కడ హేతువాదులం మేం ఒక తప్పు ఒప్పుకోవాలి. మంత్రగాణ్ణి ఎగతాళి చేసినంత ఉత్సాహంగా, వాడి దగ్గరికి ఎందుకు పోతున్నారో అడగలేదు. వాడు గంటసేపు కూచోబెట్టి మాట్లాడతాడు, తెలుగులో. జబ్బుకి ఒక కథ చెబుతాడు, తప్పు మీది కాదంటాడు. పెద్దాస్పత్రిలో ఓపీ చీటీ పట్టుకుని తెల్లారుజామున నిలబడ్డవాళ్లకి రెండు నిమిషాలు దొరుకుతాయి. తప్పు ఆ డాక్టరుది కాదు, వెనక ఇంకో వందమంది ఉన్నారు. కానీ ఆ ఖాళీలో తాయెత్తు మొలుస్తుంది.

ఆడపిల్ల విషయంలో ఖాళీ కూడా ఉండదు, గుట్టు ఉంటుంది. 1999లో సవరించేదాకా హిందూ వివాహ చట్టం మూర్ఛను పిచ్చితో జతకట్టి పెళ్లికి అడ్డంకిగా చూసింది. చట్టం మారినా పెళ్లిచూపులు మారలేదు. పెళ్లయ్యాక అత్తవారికి తెలియకుండా మాత్రలు మింగలేక ఆ పిల్ల మానేస్తుంది, ఫిట్స్ తిరగబెడతాయి. వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మాత్రలు కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. గర్భానికి ముందే డాక్టరుకి చెబితే మందు మార్చే వీలుంటుంది. దాచినవాళ్లకి ఆ వీలు లేదు. సరైన మందులు పడితే మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మాట పెళ్లిళ్ల పేరయ్యల దాకా చేరలేదు.

'ఇంగ్లీషు మందు మానేసి ఈ పొడి వాడండి' అని అమ్మినవాటిని పరీక్షిస్తే లోపల ఫినోబార్బిటాల్ దొరికిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. 1912 నుంచి మూర్ఛకి వాడుతున్న ఇంగ్లీషు మందే అది. మూలికల పొడి పనిచేసిందంటే మరి పనిచేయదా.

1954లో వచ్చిన మందులు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం తాయెత్తునీ మంత్రాన్నీ కవచాన్నీ పేరుపెట్టి మరీ 'మాంత్రిక చికిత్స' అంది. మెదడు జబ్బులు, మూర్ఛ, పక్షవాతం నయం చేస్తామని ప్రకటన ఇస్తే మొదటిసారికి ఆర్నెల్ల దాకా జైలు. మొన్న ఒక ఆస్పత్రి ప్రహరీ మీద చూశాను: 'ఫిట్స్, పక్షవాతం — ఒక్క మోతాదుతో', కింద సెల్ నంబరు. 'ఇచ్చట పోస్టర్లు అంటించరాదు' అని రాసిన చోటే అంటించారు. 'రాదు' అన్న ఒక్క ముక్కే బయటికి కనిపిస్తోంది.