సంఘసేవయు జీవికయు

సేవ చేయుటకు పట్టమేల యని ప్రశ్నించువారు మనలో పెక్కుమంది కలరు. కుమారుడు వైద్యమో యంత్రశాస్త్రమో చదివెదనన్నచో పొలమమ్మియైన పంపుదురు. కుమార్తె సంఘసేవ చదివెదనన్నచో, 'దానధర్మములకు కూడ విశ్వవిద్యాలయమా? రేపు జీవనమెట్లు?' అని యిల్లంతయు నొక్కటై యడ్డుపడును. ఈ రెండు ప్రశ్నలకును మూలమొక్కటియే. సేవ యనగా తీరిక గలవారు దయతలచి చేయునదియే కాని, నేర్చి చేయవలసిన పని కాదను తలంపే యది. ఈ తలంపు పొరపాటని మా దృఢాభిప్రాయము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఏ పట్టముతో సంఘసేవ చేసిరని కొందరడుగవచ్చును. 1881వ సంవత్సరమున రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించిన యా మహనీయుడు తెలుగు పండితుడుగా జీతము పుచ్చుకొనినవారే. వారి జీవికకు వేరొక వృత్తి యుండెను. అట్టి మహాపురుషులు తరమున కొక్కరు పుట్టుదురు. ప్రతి యాసుపత్రికిని, ప్రతి పేటకును ఒక వీరేశలింగము గారు దొరకుదురని యెదురుచూచుచు కూర్చుండుట వివేకము కాదు. దుర్గాబాయి దేశముఖ్ గారు యౌవనముననే జాతీయోద్యమమున దుమికి కారాగారవాసము చేసిరి. అయినను పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివి, న్యాయశాస్త్రమున పట్టమందిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. సేవానిరతి యున్నవారికి విద్యతో పనిలేదని యామె తలంపలేదు.

మన దేశమున నీ విద్య క్రొత్తది కాదు. 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర వెలసిన పాఠశాలయే నేటి టాటా సాంఘికశాస్త్ర సంస్థ. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును ఈ శాఖ కలదు. రెండేండ్ల యం.ఎస్.డబ్ల్యు. చదువునకు ప్రాణము క్షేత్రశిక్షణము. విద్యార్థి సాధారణముగా వారమునకు రెండు దినములు ఆసుపత్రికో, మురికిపేటకో, బాలల గృహమునకో పోయి, చూచినదియు చేసినదియు వ్రాసి, గురువు విమర్శకు లోబడవలెను. భర్తచే దెబ్బలు తినిన యిల్లాలికి 'ఓర్చుకొమ్మా' యని చెప్పుటకు చదువక్కరలేదు. ఆమె మాట తుదివరకు విని, రహస్యము కాపాడి, 2005వ సంవత్సరపు గృహహింస చట్టము వలన గల రక్షణలను తెలిపి, నిర్ణయము నామెకే విడుచుటకు మాత్రము శిక్షణ కావలెను. మంచి మనసుతో నిచ్చిన తెలివిలేని సలహా యొక ప్రాణమునే బలిగొనవచ్చును.

ఇక జీవనము మాట. 500 మంది గాని యంతకు మించి గాని పనివారు గల కర్మాగారమున సంక్షేమాధికారి యుండవలెనని 1948లోనే చట్టము విధించెను. మానసిక చికిత్సారంగమున సంఘసేవకునికి కావలసిన విద్యార్హతను 2017వ సంవత్సరపు చట్టము నిర్వచించినది. బాలల రక్షణయందును, ఆసుపత్రులయందును ఇట్టివారి యవసరము కలదు. కాని పెక్కు కొలువులు ఒప్పందపు కొలువులు, జీతములు స్వల్పములు. తల్లిదండ్రుల భయము నిరాధారమని మేమనము. అయితే యీ దోషము విద్యది కాదు, 'సేవయే కదా, జీతమేల?' యను మనదే. రుసుము పుచ్చుకొనిన వైద్యుని దయను శంకించని మనము, జీతమడిగిన సంఘసేవకుని త్యాగమును శంకించుట న్యాయమా?

మా పాఠకులలో ఆసుపత్రులకును, పాఠశాలలకును, ధర్మసంస్థలకును పెద్దలుగా నున్నవారు కలరు. వారు తమ సంస్థలో శిక్షణ పొందినవారి నొక్కరినైనను, గౌరవముగా బ్రదుకదగిన జీతమిచ్చి నియమింపవలెను. విద్యార్థులును పట్టముకొరకే చేరక, క్షేత్రశిక్షణము నిజముగా జరుగుచోటు నెంచుకొని చేరవలెను. పేదవాని బాధను పేదవాని మాటలలో వినుట నేర్వవలెను. ఆకలిగొన్న సేవకుడు ఆకలిగొన్నవారిని చిరకాలము సేవింపజాలడు. కుమార్తె ఈ చదువు కోరినపుడు అడ్డుపడుటకు ముందు, ఆమె వంటి యొకరు మన యూరి యాసుపత్రిలో లేకపోవుటచే నష్టపోయినవారెందరో యొక్కసారి తలంచుకొందుము గాక!