దస్త్రం ఎవరిది?

అలంపురం వెళ్ళినవారు నవబ్రహ్మాలయాలు చూస్తారు, జోగులాంబకు మొక్కుతారు, తిరిగి వస్తారు. శాసనాల ముందు నిలబడేవారు తక్కువ. నిలబడి చదివితే ఒక సంగతి బోధపడుతుంది. దానశాసనం ప్రధానంగా చెప్పేది మూడు ముక్కలు: ఇచ్చినదెవరు, అనుభవించవలసినదెవరు, చేయి పెట్టరానిదెవరు. చివర తరచుగా ఒక శాపం. దానభూమిని అపహరించినవాడు, అది తానిచ్చినదే అయినా సరే, అరవైవేల యేండ్లు పురుగై పుడతాడట!

ఇటీవల ఈ మూడు ముక్కలే నాకు నిద్ర లేకుండా చేశాయి.

నలుగురు మిత్రులం ఆ శాసనాల ఛాయాచిత్రాలు తీసి, పాఠాలు టైపు చేసి, ఒక అద్దె సర్వరులో భద్రపరుస్తున్నాము. అందులో సింహభాగం ఒకాయన శ్రమ. ఆయన ఉద్యోగరీత్యా విదేశం వెళ్ళారు. ఒక పాఠంలో అక్షరదోషం కనబడి దిద్దబోతే, ఎస్‌ఎఫ్‌టీపీ అనుమతి లేదు పొమ్మన్నది. నా సంకేతపదం సరైనదే. లోనికి రానిచ్చింది, చదవనిచ్చింది, దిద్దనివ్వలేదు.

కారణం సులభమే. పంపిన ఖాతాయే దస్త్రానికి యజమాని. యునిక్సు లోకంలో ప్రతి దస్త్రానికీ యజమాని, బృందం, ఇతరులు అని మూడు తరగతులు. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1. 644 అంటే యజమాని వ్రాయగలడు, మిగిలినవారు చదువగలరు. మేము ఆ మిగిలినవారము.

"ఆయనతో చెప్పి అన్నిటికీ 777 పెట్టించండి, పీడ వదులుతుంది" అన్నారు తెలిసినవారొకరు. నా అభ్యంతరమంతా ఈ మాట మీదనే. తాళంచెవి దొరకలేదని గుడి తలుపులు ఊడబెరుకుతామా? ఆ సర్వరులో ఏ ఖాతా పరుల చేత చిక్కినా మా శాసనపాఠం మారిపోగలదు. పైగా కొన్నిచోట్ల ఈ ఔదార్యమే పనిని చెడగొడుతుంది. రహస్య తాళపుచెవి దస్త్రాన్ని ఇతరులు చదువగలిగితే ఎస్‌ఎస్‌హెచ్ దానిని వాడనే వాడదు, 600 ఉండాలి. ఖాతాను ఒక సంచయానికే కట్టివేసే క్రూట్ అమరికలో ఆ సంచయం రూటు సొత్తై ఉండాలి, ఇతరులెవరికీ వ్రాసే హక్కు ఉండరాదు. ఉంటే సంబంధమే తెగిపోతుంది.

మరొక మెలిక. దస్త్రాన్ని తొలగించడానికి సాధారణంగా కావలసినది దస్త్రం మీద హక్కు కాదు, అది ఉన్న సంచయం మీద హక్కు. కనుక దిద్దలేనివాడు కూడా చెరిపివేయగలడు!

మేము చేసినది ఇది. నిర్వాహకుని ప్రార్థించి నలుగురినీ ఒక బృందంలో చేర్పించాము. సంచయాలకు 2775, దస్త్రాలకు 664 పెట్టించాము. ముందున్న ఆ 2 వల్ల కొత్త దస్త్రాలు తామే బృందానికి చెందుతాయి. ఉమాస్కు 022గా ఉంటే కొత్త దస్త్రాల నుండి బృందపు వ్రాతహక్కును తీసివేస్తుంది కాబట్టి 002 చేయించాము.

అయితే నిర్వాహకుడు ముందుగా అడిగినది యజమాని అంగీకారం. మిత్రుడు ఒక్క లేఖతో అంగీకరించారు. అంగీకరించడానికి ఆయనే లేకపోయి ఉంటే? ఆ ఆలోచనకు నాకు చెమట పట్టింది. అలంపురపు చరిత్రకు జీవితమంతా వెచ్చించిన గడియారం రామకృష్ణ శర్మగారు 2006లో కన్నుమూశారు. ఆయన పుస్తకం తెరవడానికి నేడు మనం ఎవరినీ అనుమతి అడగనక్కరలేదు, దానిని ఎవరూ రాత్రికి రాత్రి మార్చివేయలేరు. అచ్చుకున్న ఆ రెండు గుణాలనూ సర్వరులో మనమే కల్పించుకోవాలి. అందరికీ చదివే హక్కు, కొందరికే దిద్దే హక్కు, ఆ కొందరూ ఒక్కరు కాకుండా ఉండడం.

కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా విప్పి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. అది ఒక్కరి చేతిలో జరిగే పని కాదు. ఉమ్మడి పనిని ఒక్కరి పేర ఉంచడం స్నేహం మీద విశ్వాసం కావచ్చును, పని మీద శ్రద్ధ మాత్రం కాదు.

మిత్రులారా, ఈ రాత్రి మీ సర్వరు తెరిచి, యజమాని పేరున్న గడిని ఒక్కసారి చూడండి.