కాటా మీద లాప్‌టాప్

మా వించిపేట చికెన్ కొట్టు భాయ్ నన్ను వింతగా చూశాడు. అసర్ అయిపోయిన టైమ్, గిరాకీ లేదు. కాటా మీద ప్లాస్టిక్ కవర్ పరిచి మా భతీజీ కాలేజీ బ్యాగు పెట్టమన్నాను. "ఇందులో ఏముంది ఆపా, మేకపిల్లా?" అన్నాడు. కాటా 5 కిలోల 900 చూపించింది. పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా తీసేసి లాప్‌టాపూ దాని చార్జరూ మాత్రం ఉంచాం. 3 కిలోల 100. అందులో చార్జర్ ఒక్కటే 650 గ్రాములు. "రెండు కోళ్ళు" అన్నాడు భాయ్, కాటా తుడుచుకుంటూ.

ఆ రెండు కోళ్ళనీ మోసుకుని ఆ పిల్ల రోజూ సింగ్‌నగర్ నుంచి సిటీ బస్సులో నెహ్రూ బస్టాండుకి, అక్కణ్ణించి గుంటూరు బస్సులో, దిగాక ఆటోలో కాలేజీకి వెళ్ళాలి. సాయంత్రం మళ్ళీ అంతే. బుర్ఖా మీద బ్యాగు, సగం రోజులు నిలబడే ప్రయాణం. మూడు నెలలు మోసింది. తర్వాత లాప్‌టాప్ ఇంట్లో వదిలేసి వెళ్ళడం మొదలెట్టింది. ప్రాజెక్టు పని స్నేహితురాలి లాప్‌టాప్ మీద, అదీ ఆ అమ్మాయి ఖాళీగా ఉన్నప్పుడు.

మా తమ్ముడు దీన్ని చూసి నాతో అన్న మాట: "చూశావా ఆపా! ఆడపిల్లకి లాప్‌టాప్ కావాలని నువ్వేగా గొడవ చేసింది. ఇచ్చాం. వాడటమే లేదు. శౌక్ లేదు దానికి."

శౌక్ లేదంట! ఆ మాటకే నాకు ఒళ్ళు మండి బ్యాగుని కాటా దాకా తీసుకెళ్ళాను.

ఆ లాప్‌టాప్ దానికోసం కొన్నది కాదు. వాళ్ళన్న ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు జిద్ పట్టి కొనిపించుకున్న గేమింగ్ మిషన్. కీబోర్డ్ కింద ఎర్ర లైట్లు, ఆన్ చేస్తే ఫ్యాన్లు మిక్సీలా మోత. రెండున్నరేళ్ళు వాడి, వాడు కొత్తది అడిగాడు. ఇది చెల్లెలికి వచ్చింది. మన ఇళ్ళల్లో ఇది మామూలేగా! కొత్తది బేటాకి, పాతది బేటీకి. సైకిల్ నుంచి సెల్‌ఫోన్ దాకా ఇదే దస్తూర్. కానీ పాత సైకిల్ తొక్కితే ముందుకన్నా వెళ్తుంది. ఈ మిషన్ ప్లగ్గు పెట్టకపోతే గంటన్నరలో చచ్చిపోతుంది.

అలాంటి మిషన్లలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. దానికి కరెంటు పోయాలంటే 150, 200 వాట్ల చార్జర్ కావాలి, వేడి లాగడానికి రాగి గొట్టాలూ రెండు ఫ్యాన్లూ కావాలి. బరువంతా అక్కడే. మా భతీజీ చేసేది వర్డ్, ఎక్సెల్, నెట్ వెతకడం, వీడియో క్లాసులు, పీడీఎఫ్‌లు. ఈ పనులకి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. అక్కర్లేని ఇనుము మోయించి, మోయలేకపోతే చదువు మీద దిల్ లేదనడం! జుమ్మా బయాన్‌లో మర్దులకీ ఔరతులకీ ఇల్మ్ ఫర్జ్ అని వింటాం, తలూపుతాం, ఇంటికొచ్చి మూడు కిలోలు వీపుకి తగిలిస్తాం.

మా తమ్ముడు చెడ్డవాడు కాదు. కూతురంటే జాన్. వాడి ఫికర్ వేరే. వాడిది డీటీపీ పని. షాదీ రుక్కాలు, మస్జిద్ ఇఫ్తార్ కార్డులు, మదర్సా రసీదు పుస్తకాలు. తెలుగు అనూలో, ఉర్దూ ఇన్‌పేజ్‌లో కొడతాడు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్‌లోకి వచ్చిన రోజు వాడి డెస్క్‌టాప్ కింది గదిలోనే ఉండిపోయింది. పొద్దున మోకాలి లోతు అనుకున్నది చూస్తుండగానే ఛాతీ దాకా వచ్చింది. పైకి చేరినవి ఖురాన్ షరీఫ్, పిల్లల సర్టిఫికెట్లు, మందుల డబ్బా, ఆ గేమింగ్ లాప్‌టాప్. డాబా మీద డ్రోన్లు పడేసే అన్నం పొట్లాల కోసం ఎదురుచూస్తూ మా తమ్ముడు ఏడ్చింది ఇంట్లో సామాన్ల కోసం కాదు. పదిహేనేళ్ళ రుక్కా డిజైన్లు ఆ హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఒక్కటి బతకలేదు. కాపీ ఎక్కడా లేదు.

అందుకే వాడికి ఆ లాప్‌టాప్ అంటే ముహబ్బత్. నీళ్ళల్లోంచి బయటపడ్డ మిషన్ కదా! అది బయటపడింది కుర్రాడు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు కాబట్టి. చేత్తో ఎత్తుకుపోగలిగిందే ఆ రోజు మిగిలింది. మన ఊళ్ళో తేలిక అన్నది సోకు కాదని నాకు తెలిసింది అప్పుడే.

సరే, కొత్తది కొందాం అన్నాడు చివరికి. బడ్జెట్ 45 వేలు. అక్కణ్ణించి అసలు తమాషా.

గవర్నర్‌పేటలో ఒక కొట్టుకి వెళ్ళాం. అక్కడి అబ్బాయి తళతళలాడే మిషన్ చూపించి "రైజెన్ 5, 7000 సిరీస్, లేటెస్ట్" అన్నాడు. దాని మీద 7520 అని ఉంది. ఇక్కడ ఒక చిన్న హిసాబ్ చెప్తాను, రాసిపెట్టుకోండి. ఆ కంపెనీ 7000 నంబర్లలో మూడో అంకె చూడాలి. లోపలున్న డిజైన్ ఎంత పాతదో అది చెప్తుంది. 7520లో మూడో అంకె 2, అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్. 7530లో 3, 7540లో 4. అన్నిటి మీదా రైజెన్ 5 అనే రాసుంటుంది. కాగితాలకీ రికార్డులకీ 7520 పనికిరాదని కాదు, కానీ లేటెస్ట్ అనే పేరుతో దానికి రేటు కట్టకూడదు. ఇంటెల్‌లో అయితే నంబర్ చివర యు అని ఉంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అని ఉంటే ఎక్కువ తాగేది. తిరిగేవాళ్ళకి యు చాలు.

తెరనీ చూడండి. ఈ రేటు కొత్త మిషన్లలో ఎక్కువభాగం 250 నిట్స్ వెలుతురువి, రంగులు వెలిసిపోయినట్టుంటాయి. కొట్టులో ట్యూబ్‌లైట్ కింద బాగానే కనిపిస్తుంది. శాతవాహనలో కిటికీ పక్కన తెరిస్తే మీ మొహమే కనిపిస్తుంది. 300 దాటి, 400 దగ్గర ఉంటే హాయి. ర్యామ్ 8 జీబీతో ఈ రోజు సరిపెట్టుకోవచ్చు, నాలుగేళ్ళు వాడాలనుకుంటే 16 తీసుకోండి. సన్నటి మిషన్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుదాం అంటే కుదరదు. కొట్టువాళ్ళు ఈ సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

మా పెద్ద మామూ కొడుకు కువైట్ నుంచి ఫోన్ చేసి "మ్యాక్‌బుక్ ఎయిర్ పంపిస్తా, ఒకటి తెచ్చుకుంటే కస్టమ్స్‌లో డ్యూటీ ఉండదు" అన్నాడు. నిజమే, 18 ఏళ్ళు దాటిన ప్రయాణికులు ఒక లాప్‌టాప్ డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు. ఎయిర్ మంచి మిషనే. ఎం1ది 1.29 కిలోలు, ఎం2ది 1.24, ఫ్యానే ఉండదు, రోజంతా నడుస్తుంది. బయటి పని లేని ఇంట్లో అయితే నేనూ అదే అనేదాన్ని. కానీ మా తమ్ముడికి అర్జెంటు పనొస్తే కూతురి మిషన్ మీదే చేయాలి, వాడి దగ్గరున్న అనూ, ఇన్‌పేజ్ రెండూ విండోస్‌వే. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే కొత్త విండోస్ మిషన్లూ తేలికే, బ్యాటరీ బాగా వస్తుంది. కానీ పాత డాంగిల్ పెడితే నడిచే సాఫ్ట్‌వేర్ ఉన్న ఇళ్ళు జాగ్రత్త. ఆ చిప్‌కని ప్రత్యేకంగా రాసిన డ్రైవర్ లేకపోతే డాంగిల్‌ని అది గుర్తుపట్టదు. ఇంకో మాట, గల్ఫ్ నుంచి తెప్పించేవాళ్ళు వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కొనకముందే అడిగించండి. కీల మీద అరబీ అక్షరాలుంటే ఉర్దూకి పనికొస్తాయి కదా అనుకోకండి, ఉర్దూకే సొంతమైన అక్షరాలు వాటి మీద ఉండవు. విండోస్‌లో ఉర్దూ భాషని చేర్చుకుంటే కీబోర్డూ నస్తాలీఖ్ ఫాంటూ వస్తాయి, తెలుగు ఫొనెటిక్ 2019 నుంచి ఉంది. నేను ఇవన్నీ దాంతోనే కొడుతున్నాను.

ఇక డబ్బు. తమ్ముడు కొట్టులోనే "నో కాస్ట్ ఈఎంఐ ఉంది ఆపా, సూద్ లేదు, హలాలే" అన్నాడు. నేను ఆలిమాని కాను, ఫత్వా నా పని కాదు, మసలా మీ మౌలానా గారిని అడగండి. లెక్క మాత్రం చెప్తాను. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకే 2013 సెప్టెంబర్‌లో బ్యాంకులకి రాసింది. వడ్డీ ఉంటుంది. ఆ మొత్తాన్ని ముందే రేటులో తగ్గింపుగా చూపించి, నెలనెలా వడ్డీ పేరుతోనే తీసుకుంటారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మన జేబులోంచే. కార్డు స్టేట్‌మెంట్ తెరిచి చూడండి, ఇంట్రెస్ట్ అనే అక్షరాలు అక్కడే ఉంటాయి. పేరు మారిస్తే సరుకు మారుతుందా? పైగా నగదు ఇస్తే తగ్గించే రెండు వేలు ఈఎంఐలో పోతాయి. గేమింగ్ మిషన్ కిస్తులు కట్టలేక ఒక నెల తప్పి, పెనాల్టీ కట్టింది కూడా వీడే. అదీ మర్చిపోయాడు.

రెండు నెలలు ఆగమన్నాను. మా మరదలి చీటీ వచ్చింది, పిల్ల దాచుకున్న ఈదీ ఉంది, ట్యూషన్లు చెప్పిన డబ్బుంది, కొంచెం నేను వేశాను. మరదలు ఒక మాటంది, రాయకుండా ఉండలేను: "దీని జహేజ్‌కి బీరువా డబ్బులు పుట్టినప్పటి నుంచి దాస్తున్నాం ఆపా, అడగడానికి ఎవ్వరూ రాకముందే. ఇది నోరు తెరిచి అడిగినదానికి మాత్రం బడ్జెట్ చూస్తున్నాం."

చివరికి కొన్నది కొత్తది కాదు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తిప్పి ఇచ్చేసిన బిజినెస్ లాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతారు. మనవాళ్ళకి సెకండ్ హ్యాండ్ అంటే ఇజ్జత్ అడ్డొస్తుంది. కానీ 45 వేలకి దొరికే కొత్తదానికంటే, లక్ష పైన పెట్టి ఎవరో కొన్న మిషన్ నాలుగేళ్ళ తర్వాత కూడా గట్టిగా ఉంటుందని నా రాయ్. మాకు దొరికింది లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్, 9వ జెనరేషన్. 14 అంగుళాల తెర, 16 జీబీ, కంపెనీ లెక్కలో బరువు 1.13 కిలోల నుంచి. ఫోన్ చార్జర్‌లాంటి టైప్ సి చార్జర్, 65 వాట్లు. 38 వేలు, నగదు.

ఇందులో మోసాలూ ఉన్నాయి. మొదటి కొట్టులో చూసిన మిషన్‌కి పాత కంపెనీ పెట్టిన బయోస్ పాస్‌వర్డ్ అలాగే ఉంది. "అది ఎవరికీ అక్కర్లేదు మేడమ్" అన్నాడు. అక్కర్లేకపోతే తీసేయొచ్చుగా! వచ్చేశాం. కొనేముందు ఆన్ చేసి ఆ తాళం లేదని చూడండి. తర్వాత బ్యాటరీ రిపోర్ట్ తీయించండి, విండోస్‌లోనే వస్తుంది, ఒక్క నిమిషం పని. పుట్టినప్పటి కెపాసిటీ, ఇప్పటి కెపాసిటీ పక్కపక్కనే రాసుంటాయి. మాది 57 వాట్ అవర్స్‌లో 46 మిగిలింది, సరే అన్నాం. 30కి పడిపోయి ఉంటే బ్యాటరీ మార్పించి ఇవ్వమని అడగాలి. ప్రాసెసర్ ఇంటెల్ 8వ జెనరేషన్ కంటే పాతదైతే ఎంత చవకైనా వద్దు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11ని ఆ పాతవాటి మీద మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు.

బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టించాను. మన బెజవాడ ఎండలో నిండుగా చార్జ్ చేసి, మే నెలలో బండి డిక్కీలో వదిలేస్తే ఏ బ్యాటరీ అయినా త్వరగా ముసలిదవుతుంది.

మధ్యలో ఒక మాట. కొన్ని మొహల్లాల్లో జకాత్ డబ్బుతో పేద పిల్లలకి లాప్‌టాప్ ఇద్దామని అడుగుతున్నారు. మంచి నీయత్. మన హనఫీలో జకాత్‌కి తమ్లీక్ ఉండాలి, అంటే ఆ వస్తువుకి ఆ పిల్లే పూర్తి మాలిక్ కావాలి. కమిటీ బీరువాలో పెట్టి నెలకోసారి ఇచ్చి తీసుకునేది కాదు, ఇంట్లో అన్నయ్య లాక్కునేదీ కాదు. ఇచ్చేటప్పుడు ఆమె చేతికే ఇవ్వండి, తనకి నచ్చినట్టు మోయగలిగిందే ఇవ్వండి.

భతీజీ ఇప్పుడు రోజూ తీసుకెళ్తోంది. చార్జర్ ఇంట్లోనే పెట్టి వెళ్తుంది. గుంటూరు బస్సులో సీటు దొరికితే ఒళ్ళో పెట్టుకుని రికార్డు పూర్తి చేసుకుంటుందట. అన్న కొత్తది అడగడం మానలేదు, అది వేరే కథ. గేమింగ్ మిషన్ డీటీపీ బల్ల మీద ప్లగ్గుకి కట్టేసి ఉంది. అక్కడ దాని బరువు ఎవరికీ బరువు కాదు, పెద్ద తెర మా తమ్ముడి కళ్ళకి మంచిదే. మగ్రిబ్ అయ్యాక రోజూ ఆ రోజు చేసిన రుక్కాల ఫైళ్ళు కూతురి లాప్‌టాప్‌లోకి ఒక కాపీ వేయిస్తాడు. దానికి నెలకి వంద రూపాయలు కిరాయి అడుగుతోంది అది. రెండు నెలల బాకీ ఉన్నాడట, నిన్న నాకు ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది.