బీడు అనకండి, కలెక్టరు గారూ

అనంతపురం జిల్లా కలెక్టరు గారికి,

బెళుగుప్ప మండలం నుంచి రాస్తున్నాను. మా మండలం పేరెత్తితే ఎవరికైనా కరువు గుర్తొస్తుంది, గాలిమరలు గుర్తొస్తాయి, ఈమధ్య జీడిపల్లి జలాశయం గుర్తొస్తుంది. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. ఊళ్ళ మధ్య, గుట్టల వాలుల్లో, వంకల గట్ల మీద ఇంకా మిగిలిన కసువు నేల గురించి. రెవెన్యూ కాగితాల్లో అది బంజరు, పోరంబోకు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే పటాల పుస్తకం పేరే బంజరు భూముల అట్లాసు. పొదలున్న నేల, మేత తగ్గిన పచ్చిక నేల అన్నీ అందులోనే లెక్క.

మా తాత గొర్రెలు కాశాడు. ఆయన నోట ఆ నేలను బంజరు అనడం నేను ఎప్పుడూ వినలేదు. కొట్టం కప్పడానికి బోద గడ్డి ఏ గుట్ట మీద దొరుకుతుందో, ఆకలైతే ఏ రాళ్ళ సందున కుందేటి కొమ్ములు తుంచుకుని నమలొచ్చో ఆయనకు తెలుసు. ఆ మొక్కకు ఆకులుండవు. నాలుగు పలకల పచ్చని కాడ, వానలు పడ్డాక దానికి నక్షత్రాల్లాంటి చిన్న పూలు. వాటి వాసన మనకు నచ్చదు, ఈగలకు నచ్చుతుంది. దాని చుట్టమే సెరోపీజియా. పూవు అచ్చం చిన్న లాంతరు. లోపలికి దూరిన చిన్న ఈగను వెంట్రుకలు అడ్డుపెట్టి ఆపుతుంది, పుప్పొడి అంటించి, వెంట్రుకలు వాడాక వదిలిపెడుతుంది. ఎండాకాలమంతా ఈ మొక్క పైన ఉండదు. గడ్డగా మట్టిలో నిద్రపోయి, వానకు లేస్తుంది. ఇదే కుటుంబంలోని బ్రాకిస్టెల్మా జాతుల్లో ఒకదానికి మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఆచార్యులు పుల్లయ్య గారి పేరు పెట్టారు. ఇవన్నీ జిల్లేడుకు బంధువులు. నారింజ రెక్కల అంచున నల్లటి పట్టీ, అందులో తెల్ల చుక్కలు ఉండే సీతాకోకచిలుకను మీరు చూసే ఉంటారు. దాని గొంగళిపురుగు ఎక్కువగా ఈ కుటుంబం మొక్కలనే తింటుంది. చిటికెనవేలి గోరంత గ్రాస్ జువెల్ అనే సీతాకోకచిలుక కూడా ఇలాంటి నేలల్లోనే, నేలకు జానెడు ఎత్తులో తిరుగుతుంది. వంగి చూస్తే తప్ప కనబడదు.

ఇలాంటి నేలకు మేలు చేద్దామని మనం ఏం చేస్తున్నాం? గుంతలు తవ్వి మొక్కలు నాటుతున్నాం. వనమహోత్సవం వచ్చిందంటే చెట్టు లేని చోటల్లా లోటుగా కనిపిస్తుంది. వాన అంతంతమాత్రంగా పడే జిల్లాలో గుట్ట వాలు మీద చెట్టు బతికితే సంతోషమే అనుకుంటాం. కానీ ఎండ తగలాల్సిన పూలకు నీడే చావు. యంత్రంతో కందకం తీసిన చోట మట్టిలో నిద్రపోతున్న గడ్డ తలకిందులై ఎండిపోతుంది. దాన్ని మళ్ళీ నాటేవాళ్ళు లేరు.

చెట్లు లేని నేల మీద జాలిపడి చేసిన పని ఏమవుతుందో మన పక్క జిల్లాయే చూసింది. జమైకా నుంచి తెప్పించిన విత్తనాలతో 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర సర్కారు తుమ్మ నాటారు. వంటచెరకు కరువు తీరుతుందన్నది ఆనాటి ఉద్దేశం. ఇవాళ మా వంకలన్నీ ఆ కంపే. దాని కింద కసువు మొలవదు, గొర్రె నడవదు.

అట్లని కంచె వేసి తాళం పెట్టమని నేను అడగడం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఇంగ్లండులో లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుకను కాపాడదామని ఒక చోట కంచె వేశారు. కంచెతో గొర్రెలు కూడా బయటే ఆగాయి. గడ్డి ఎదిగింది, నేల చల్లబడింది. ఆ చిలుక పిల్లల్ని తన పుట్టలో పెంచే ఒక జాతి చీమ వేడి నేలలోనే బతుకుతుంది. చీమ పోయింది, చిలుక పోయింది. 1979కి ఆ దేశంలో ఒక్కటీ మిగల్లేదు. కారణం జెరెమీ థామస్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాక, మేత మళ్ళీ పెట్టి, స్వీడన్ నుంచి తెచ్చి ఆ జాతినే వదిలితే బతికింది. అక్కడ జరిగిందే ఇక్కడా జరుగుతుందని అనడం లేదు. మేపాలి, కానీ వంతులవారీగా మేపాలి. ఒక గుట్ట మేస్తుంటే ఇంకో గుట్ట విత్తనం రాల్చాలి. ఇది మా కురువ కాపరులకు కొత్త పాఠం కాదు. వాళ్ళ తిరుగుడు దారులే తెగిపోయాయి.

మరి ఎండిన గుట్ట మళ్ళీ కసువు పట్టుకుంటుందా అని మీకు అనుమానం రావచ్చు. ఉమ్మడి జిల్లాలోనే దానికి సాక్ష్యముంది. చెన్నేకొత్తపల్లి వైపు ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు స్వచ్ఛంద సంస్థ టింబక్టు కలెక్టివ్‌తో కలిసి 1990ల నుంచి బోడిగుట్టలను కాపాడుకున్నారు. అదే ఇప్పటి కల్పవల్లి, దాదాపు 9,000 ఎకరాలు. నిప్పు పడకుండా చూశారు, చెట్లు కొట్టకుండా చూశారు. బోద వచ్చింది, జీవాలకు మేత వచ్చింది, తోడేళ్ళు తిరిగాయి. తర్వాత గాలిమరల కోసం అదే గుట్టలను రోడ్లుగా కోశారు, ఊరివాళ్ళ తరఫున హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. కాగితంలో బంజరు అని ఉండడమే ఆ నేలను బలహీనం చేసింది. నాకు కరెంటు మీద కోపం లేదు. మరను ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించే ముందు ఒక వానాకాలం ఆ నేలను చూడమంటున్నాను, అంతే.

నీళ్ళు వచ్చినా ఇదే జాగ్రత్త కావాలి. కర్నూలు వైపు రోళ్ళపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం 614 హెక్టార్ల అభయారణ్యం పెట్టారు. లోపలి గడ్డిని కాపాడారు గానీ కాలువ నీళ్ళతో చుట్టూ పంటలు మారిపోయాయి. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడడం గగనం. జీడిపల్లి నీళ్ళు మా చేలకు రావాలి, చెనిక్కాయ ఒక్కటే నమ్ముకున్న బతుకులు మారాలి. ఆ నీటి ఆశతో మిగిలిన కసువు గుట్ట కూడా దున్నుడు కిందికి పోకూడదు.

అందుకే అడుగుతున్నాను. 2026ను ఐక్యరాజ్యసమితి మేత భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. మా మండలంలో మిగిలిన కసువు గుట్టలను సర్వే చేయించి, మేత భూమి అని రాయించండి. ఉపాధి పనుల కూలీని గుంతలకు కాక, సర్కారు తుమ్మను వేళ్ళతో పెకలించడానికి, మా గుట్టల విత్తనమే ఏరి చల్లడానికి ఇవ్వండి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఉండాల్సిన కమిటీలో కాపరులను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పే మొక్కల పేర్లు రాయించండి. ఆ పేర్లు తెలిసిన ముసలివాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు. ఒక్క గుట్టనైనా జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించమని రాష్ట్ర ప్రభుత్వానికి మీ పేరుతో రాయండి. మన పక్క రాష్ట్రంలో దేవనహళ్ళి దగ్గరి నల్లూరు చింతతోపుకు 2007లోనే ఆ గౌరవం దక్కింది.

ఉత్తర కార్తె వానలు పడ్డాక ఒక ఉదయం రండి. జీపు రోడ్డు మీదే ఆపుదాం. ఎండెక్కి సీతాకోకచిలుకలు లేచేదాకా గుట్ట మీద కూర్చుందాం. కుందేటి కొమ్ములు ఎక్కడ పూశాయో మా ఊరి కాపరులు చూపిస్తారు.

ఇట్లు,
బెళుగుప్ప మండలంలోని ఒక గొర్రెల కాపరి మనుమడు