ఫోనులయందు పేరుపై పక్షపాతము

నేటి దినములలో మన యిండ్లయందు క్రొత్త ఫోను కొనవలయునన్న ప్రస్తావన వచ్చినంతనే చిన్న సంగ్రామ మొకటి బయలుదేరుచున్నది. "స్నాప్‌డ్రాగన్ లేనిది ఫోనే కాదు" అని పెద్దకుమారు డనును. "మీడియాటెక్ దానికేమి తీసిపోయినది?" అని వాని మేనబావ యనును. "ఆపిల్ ముందర ఇవి యన్నియు నేపాటి?" అని మూడవవాడు నవ్వును. ఈ వాదములు గంటలకొలది సాగును. ఒక్కొక్కప్పుడు మాటలు ముదిరి, భోజనమువేళ ఒకరితోనొకరు పలుకకుండువరకును వచ్చును. ఇంటి యిల్లాలిని మాత్రము ఎవరును సలహా యడుగరు. "అమ్మా, ఇవి నీకు తెలియవు" అను నొక్క మాటతో ఆమె ప్రసక్తి ముగియును. కాని నెలనెలకు సొమ్ము కూడబెట్టినది ఆమె. క్రొత్తది వచ్చిన పిదప పాతఫోను వంతునకు వచ్చునదియు ఆమెకే. కావున ఈ వాదములో గింజ యెంత, పొల్లెంత యని చెరిగి చూచుట స్త్రీలకు మిక్కిలి యవసరమని మేము తలంచుచున్నాము.

ముందుగా ప్రాసెసరన నేమో తెలిసికొందము. ఫోనులోపల వ్రేలిగోరంత సిలికాను పలుక యొకటి యుండును. లెక్కలు చేయుట, బొమ్మలు చూపుట, ఛాయాచిత్రములను తీర్చిదిద్దుట మొదలగు పనులను దానియందలి వేర్వేరు భాగములు జరుపుచుండును. దీనినే ప్రాసెసరనియు, చిప్పనియు మనవారు వ్యవహరించుచున్నారు. వంటయింటిలో పొయ్యి యెట్టిదో ఫోనులో నిది యట్టిది. పెద్దమంటతో వంట త్వరగా నగును, కాని వంటచెరకు త్వరగా కరగును, వంటయిల్లు వేడెక్కును. అట్లే చిప్పు వడిగా పనిచేసినకొలదియు బ్యాటరీ తరుగును, ఫోను కాగును. తక్కువ శక్తితో ఎక్కువ పని జరుపునదియే మంచి చిప్పు. వడి యొక్కటియే గుణము కాదు.

స్నాప్‌డ్రాగన్ చిప్పులను రూపొందించునది 1985లో అమెరికాలోని శాన్‌డియాగోలో స్థాపింపబడిన క్వాల్‌కామ్ సంస్థ. మీడియాటెక్ 1997లో తైవానులో పుట్టినది. ఆపిల్, గూగుల్ సంస్థలు తమ ఫోనులకు తామే చిప్పులను రూపొందించుకొనుచున్నవి. శాంసంగువారి సొంత చిప్పునకు ఎక్సినాస్ అని పేరు. అయితే వీనిలో శాంసంగునకు దక్క తక్కినవారికి చిప్పులను తయారుచేయు సొంత కర్మాగారములు లేవు. నమూనా వీరిది, దానిని పలుకపై చెక్కి యిచ్చునది తైవానులో 1987లో నెలకొన్న టీఎస్ఎంసీ కర్మాగారమో, కొరియాలోని శాంసంగు కర్మాగారమో యగును. చీర యంచుమీద కొట్టు పేరుండవచ్చును, కాని దానిని నేసిన మగ్గము వేరొకచోట నుండును గదా. ఇక్కడను అట్టిదే. ఈ సంగతి నెరిగినచో పేరుమీది భక్తి సగము తగ్గును.

ఒకే పేరుక్రింద రెండు వస్తువులు అమ్ముడుపోయిన దృష్టాంతములు పెక్కు గలవు. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌లోని ఏ9 చిప్పు కొన్ని ఫోనులలో శాంసంగు తయారీ, కొన్నింటిలో టీఎస్ఎంసీ తయారీ. కొన్నవారికి తమది ఏదియో పైకి తెలియదు. ఆ వ్యత్యాసముపై కలకలము రేగగా, వాడుకలో బ్యాటరీ భేదము నూటికి రెండు మూడు పాళ్లకు మించదని ఆపిల్‌వారు సమాధానము చెప్పిరి. 2020లో వచ్చిన శాంసంగు గెలాక్సీ ఎస్20 కథ మనకు మరింత సమీపమైనది. అమెరికాలోను, శాంసంగునకు జన్మభూమియైన కొరియాలోను అమ్మిన ఎస్20లో స్నాప్‌డ్రాగన్ 865 ఉండెను. మన దేశములోను ఐరోపాలోను అమ్మినదానిలో ఎక్సినాస్ 990 ఉండెను. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పరీక్షించినవారు, ఎక్సినాసు ఎక్కువ శక్తిని హరించుచున్నదని చూపిరి. అప్పుడు ఐరోపాలోని కొనుగోలుదారులు తమకు తక్కువ రకమును అమ్మవలదని సంతకములు సేకరించిరి. 2022లో మన దేశమునకు స్నాప్‌డ్రాగన్‌తో ఎస్22 వచ్చినది. 2023లో ఎస్23 లోకమంతట స్నాప్‌డ్రాగన్‌తోనే వచ్చినది. 2024లో మరల మన దేశమున ఎస్24 చిన్నరకములు రెంటిలో ఎక్సినాసును, పెద్దరకములో స్నాప్‌డ్రాగన్‌ను ఉంచిరి. ఇట్లు ఏటేట లోపలి సరకు మారుచుండగా, "మాది ఫలానా కంపెనీ" యని కంకణము కట్టుకొన్నవారు దేనికై కట్టుకొన్నట్లు?

స్నాప్‌డ్రాగన్ పక్షమువారు ఇది చదివి సంతోషింప నవసరము లేదు. 2015లో స్నాప్‌డ్రాగన్ 810 మిక్కిలి వేడెక్కుచున్నదని అపకీర్తి పొందెను. ఆ యేడు శాంసంగువారు దానిని విడిచి, గెలాక్సీ ఎస్6లో తమ ఎక్సినాస్ 7420నే యుంచి మెప్పు పొందిరి. 2022 నాటి ఫోనులలోని స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 1 మీదను వేడిమి ఫిర్యాదులే వచ్చెను. అది శాంసంగు కర్మాగారములో తయారైనది. ఆ సంవత్సరమే ఇంచుమించు అదే నమూనాను టీఎస్ఎంసీకి మార్చి 8 ప్లస్ జెన్ 1 అను పేర విడుదల చేయగా, వేడియు శక్తివ్యయమును తగ్గెను. ఇక చౌకఫోనుల చిప్పని చాలకాలము ఎగతాళికి గురియైన మీడియాటెక్, 2021 చివర ప్రకటించిన డైమెన్సిటీ 9000తో మేటిచిప్పుల సరసను నిలిచెను. ఒకప్పుడు గెలిచినవాడు మరియొకప్పుడు ఓడును. ఇందులో శాశ్వతమైన కులీనత యెవరికిని లేదు.

"పేరు వద్దు, అంకెలు చూడుము" అని కొందరు పిల్లలు చెప్పుదురు. వారి మాట కొంతవరకు మంచిదే. కాని అంకెలయందును మాయ గలదు. చిప్పులకు పరీక్షలు పెట్టి మార్కులు వేయు సాధనములు కొన్ని గలవు. పరీక్ష జరుగుచున్నదని పసిగట్టి ఆ సమయమున మాత్రము వడిని పెంచు ఎత్తులు పన్నిన కంపెనీలు బయటపడినవి. ఇన్‌స్పెక్టరు వచ్చు దినమున మాత్రము బడిని ఊడ్చి ముగ్గు వేయించినట్లే ఇదియును. 2018లో ఈ కారణముచేతనే కొన్ని హువావే ఫోనులను 3డీమార్క్ అను పరీక్షవారు తమ పట్టికనుండి తొలగించిరి. 2022లో శాంసంగు ఫోనులలోని యొక యేర్పాటు, ఆటలు మొదలగు అనేక కార్యక్రమముల వడిని తగ్గించుచు, పరీక్షసాధనముల జోలికి పోవుటలేదని వెల్లడియయ్యెను. గీక్‌బెంచ్‌వారు నాలుగు తరముల గెలాక్సీ ఫోనులను పట్టికనుండి తీసివేసిరి. కంపెనీవారు క్షమాపణ చెప్పుకొని, ఆ యేర్పాటును వాడుకరి ఇష్టమునకు విడిచిరి. పెట్టెమీద కనబడు "నానోమీటర్ల" లెక్కయు నేడు చిప్పులోని యే భాగపు కొలతయు కాదు. అది తయారీ తరమునకు వ్యాపారులు పెట్టుకొన్న గుర్తు మాత్రమే.

ఇంత యున్నను మనవారికి పేరుపై ఈ మమకార మేల? దానిలో కొంత న్యాయము లేకపోలేదు. అలవాటైన ఫోను చేతికి సుఖముగా నుండును. ఊరిలో దానిని బాగుచేయు దుకాణ ముండవచ్చును. కాని తక్కినదంతయు అభిమానమే. పెద్దమొత్తము వెచ్చించి కొన్న వస్తువును ఎవరైన తూలనాడినచో, తన తెలివినే తూలనాడినట్లు కొన్నవానికి తోచును. అందుచే దానిని సమర్థించుటకు పూనుకొనును. క్రమముగా పక్షములేర్పడును. కంపెనీ మాత్రము లాభమును చూచి చిప్పును మార్చుకొనును. మనపట్ల దానికి లేని వ్రతనిష్ఠ దానిపట్ల మనకేల?

ఈ పక్షపాతమువలన కలుగు నిజమైన నష్టము వేరొకటి గలదు. చిప్పు పేరునకై పిల్లలు రెండేండ్లకొకసారి క్రొత్తఫోను కోరగా, వారు విడిచినది తల్లి చేతికి వచ్చుచున్నది. ఆ పాతఫోనులోనికే బ్యాంకు సంకేతములు వచ్చును; ఆమె చీట్ల సొమ్ము దానినుండియే చెల్లును. కంపెనీవారు భద్రతా సవరణలు పంపుట మానిన ఫోనులో సొమ్ము వ్యవహారములు నడుపుట, గడియ చెడిన తలుపుగల గదిలో నగలపెట్టె నుంచుటవంటిది. దీనినిగూర్చి వాదించు వీరులు మాకింతవరకు కానరాలేదు. గూగుల్‌వారు 2023లో పిక్సెల్ 8నకు, శాంసంగువారు 2024లో ఎస్24నకు 7 సంవత్సరముల సవరణలు వాగ్దానము చేసిరి. చౌకరకములకు ఈ గడువు మిక్కిలి తక్కువగా నుండుట కలదు. చిప్పు పేరుకంటె ఈ గడువే గృహమునకు ముఖ్యము.

మరియొక సంగతి. పాతఫోను మందగించినంతనే చిప్పు పనికిరాదని తలంపరాదు. బ్యాటరీ బలహీనమైన పాత ఐఫోనుల వడిని తామే తగ్గించుచున్నామని 2017 డిసెంబరులో ఆపిల్‌వారు ఒప్పుకొని, అమెరికాలో బ్యాటరీ మార్పు వెలను 79 డాలర్లనుండి 29 డాలర్లకు దించిరి. బ్యాటరీ మార్చినంతనే ఆ ఫోనులు పూర్వపు చురుకుదనమును పొందెను. ఐరోపా సమాఖ్యలో 2025 జూను 20 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము, క్రొత్తగా నమ్మకమునకు వచ్చు ఫోను బ్యాటరీ 800 పర్యాయములు నింపి వాడిన పిమ్మటను నూటికి 80 పాళ్ల శక్తిని నిలుపుకొనవలయును. వస్తువు మన్నికను అడుగుట అచ్చట చట్టమే యైనది. మనము కనీసము దుకాణములోనైన అడుగవలదా?

సోదరీమణులారా! బియ్యము కొనునప్పుడు గింజను కొరికి చూతుము. బంగారము కొనునప్పుడు గీటురాయిని అడుగుదుము. ఫోనునకును అట్టి పరీక్షలు నాలుగు చాలును. ఒకటి, పేరు అటుండగా, మన దేశమున అమ్ము ఈ రకములో ఉన్న చిప్పు ఏది? రెండు, మొదటి నిమిషపు వడి గాక, అరగంటసేపు బొమ్మలు చూచి మాటలాడిన పిదప అది ఎట్లున్నది, ఎంత వేడెక్కినది? మూడు, భద్రతా సవరణలు ఏ సంవత్సరమువరకు వచ్చును? నాలుగు, మన యూరిలో దానికి బ్యాటరీ మార్చువారున్నారా, వెల యెంత? మాటలకు, పాఠములకు, చెల్లింపులకు, చిత్రములకు ఫోనును వాడు కుటుంబమునకు మధ్యరకపు చిప్పు చాలును. పెద్ద ఆటలాడువారికిని, ఎక్కువగా చలనచిత్రములు తీసి కూర్చువారికిని తప్ప మేటిచిప్పు అవసరము లేదు.

పిల్లల విజ్ఞానమును మేము తక్కువచేయుట లేదు. వారు చిప్పులను గూర్చి నేర్చుకొన్నది మెచ్చదగినదే. ఆ నేర్పును పేరును కాచుటకు గాక, ఇంటి సొమ్మును కాచుటకు వారిచే వినియోగింపజేయుడు. పై నాలుగు ప్రశ్నలకు వారినే ఉత్తరములు వెదకి తెమ్మనుడు. ఉత్తరములు చేతికి వచ్చిన పిదప నిర్ణయము మాత్రము ఇంటిల్లిపాది కూర్చుండి చేయవలయును. అందు సొమ్ము కూడబెట్టిన ఇల్లాలి మాట మొదట వినబడవలయునని మా యభిప్రాయము.